ప్రగతినగర్ నుంచి పగడాలకు వేడి కబురు

హైదరాబాదులో సముద్రం లేకపోయినా, పగడపు దిబ్బలకు ఎండదెబ్బ ఎప్పుడు తగలబోతోందో చెప్పే సేవ మాత్రం ఇక్కడి ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) నుంచే నడుస్తోంది. సునామీ హెచ్చరికల కేంద్రంగా దాని పేరు చాలామంది విన్నదే. 2011లో మొదలైన దాని పగడాల బ్లీచింగ్ (తెల్లబారడం) హెచ్చరికను మాత్రం, డైవింగ్ సరదా ఉన్న నేను కూడా ఒక నష్టం చూశాకే పట్టించుకున్నాను.

2024 వేసవిలో లక్షద్వీప్‌లో ఒక బృందం పగడాలను మళ్ళీ పెంచడానికి ఇనుప చట్రాలకు ప్లాస్టిక్ టైలతో కొమ్మపగడాల ముక్కలు కడుతుంటే దగ్గరుండి చూశాను. చట్రం గట్టిది, ముడి గట్టిది, ఎంచుకున్న నెలే తప్పు. కొన్నాళ్ళకు వచ్చిన ఫొటోల్లో టై బిగువుగానే ఉంది, దాని కింది ముక్క మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నీరు వేడెక్కితే పగడపు జీవి తన ఒంట్లోనే ఉండి అన్నం వండిపెట్టే శైవలాలను (కంటికి కనబడని నాచును) బయటికి గెంటేస్తుంది, దాంతో రంగూ పోతుంది, తిండీ పోతుంది.

ఈ సేవ ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను ఆధారం చేసుకుని అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్ఛ్, మన్నార్ ప్రాంతాల్లో వేడి ఒత్తిడిని అంచనా కడుతుంది. ఇందులో అసలు సరుకు ‘డిగ్రీ హీటింగ్ వీక్స్’ అనే లెక్క. అక్కడ ఏటా అత్యంత వేడిగా ఉండే నెల సగటును మించిన వేడిని పన్నెండు వారాల వరకు కూడుతూ పోతారు; రెండు డిగ్రీల అదనపు వేడి రెండు వారాలు నిలిస్తే లెక్క నాలుగు. నాలుగుకు చేరితే పగడాలు చెప్పుకోదగ్గ స్థాయిలో తెల్లబారవచ్చని, ఎనిమిదికి చేరితే చావులు కూడా మొదలవవచ్చని శాస్త్రవేత్తలు చెబుతారు.

గుజరాత్‌లోని మిఠాపూర్ దగ్గర 2020లో దించిన బయోరాక్ వంటి పద్ధతిలో, చట్రానికి స్వల్ప విద్యుత్తు పంపి సముద్రపు నీటిలోని ఖనిజాలను సున్నపు పొరగా పేరుస్తారు. పని ముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ పొర నీటిని చల్లబరచదు. 2023లో ఫ్లోరిడాలో సముద్రం మరిగిపోతుంటే నర్సరీ పగడాలను ఒడ్డున ఉన్న తొట్లలోకి మార్చారు. అలాంటి నిర్ణయానికి కావలసింది ముందస్తు కబురే.

లోపం కూడా చెప్పాలి. ఉపగ్రహానికి తెలిసేది నీటి పైపొర వేడి; ఐదు మీటర్ల లోతున ఉన్న చట్రం దగ్గరి నీటి సంగతి తెలియాలంటే అక్కడొక ఉష్ణోగ్రత మాపకం కట్టుకోక తప్పదు. ఆ మేరకు సర్దుకుంటే, పైసా అడగని ఈ సేవకు నేను వంక పెట్టను. ఈసారి ఎవరైనా చట్రాలు కడదాం రమ్మంటే, విమానం టికెట్టుకు ముందు ఈ లెక్కే అడుగుతాను.