గోజో ద్వీపం: పూటలో చుట్టివచ్చే చోటు కాదు

మధ్యధరా సముద్రంలో మాల్టా ప్రధాన ద్వీపానికి వాయవ్యాన ఉన్న గోజో ద్వీపం విస్తీర్ణం దాదాపు 67 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఈ అంకె చూసే కాబోలు, చాలామంది పర్యాటకులు పొద్దున ఫెర్రీలో దిగి, జీపులో నాలుగు మూలలూ తిరిగి, సాయంత్రానికి మాల్టాకు వెళ్లిపోతుంటారు. అలా వెళ్లినవారికి ఫొటోలు దక్కుతాయి గాని దీవి దక్కదు. కనీసం రెండు రాత్రులు బస చేయగలిగినవారికే నేను గోజోను సిఫారసు చేస్తాను.

షారా గ్రామంలోని జిగాంతియా ఆలయాలకు నేను మొదటి స్థానం ఇస్తాను. క్రీ.పూ. 3600 ప్రాంతంలో మొదలైన ఈ కట్టడం ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతది. యునెస్కో దీనిని 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోహపు పనిముట్లు ఎరుగని మనుషులు 5 మీటర్లకు పైగా పొడవున్న బండలను నిలబెట్టారంటే నమ్మబుద్ధి కాదు. ఒక రాక్షసి బిడ్డను ఎత్తుకునే ఈ రాళ్లన్నీ మోసి గుడి కట్టిందని స్థానికులు చెప్పుకునే కథ, వెలుపలి గోడ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు అంత వింతగా అనిపించదు. గోడకు గరుకైన గట్టి సున్నపురాయిని, లోపలి గుమ్మాలకూ బలిపీఠాలకూ చెక్కడానికి వీలైన మెత్తని రాయిని వాడారు. ఆ తేడా చేత్తో తాకకుండానే కంటికి తెలుస్తుంది. బండలను దొర్లించి తేవడానికి వాడారని భావిస్తున్న గుండ్రటి రాళ్లు కూడా అక్కడ కనిపిస్తాయి. పూర్వపు సందర్శకులు ఈ రాళ్ల మీదే తమ పేర్లు చెక్కుకుని వెళ్లారు. ఆ తెంపరితనానికి ఏ కాలమూ మినహాయింపు కాదేమో. ఆలయాల వద్ద నీడ తక్కువ కనుక తలుపులు తీసిన వెంటనే వెళ్లడం మేలు.

గోజో రాజధాని విక్టోరియా నడిబొడ్డున గుట్ట మీద ఉన్న చిత్తదెల్లా కోటకు రెండో స్థానం. 1551లో ఒట్టోమన్ సేనలు ఈ కోటను ముట్టడించి, దీవి జనాభాలో అధికభాగాన్ని బానిసలుగా పట్టుకుపోయాయి. ఆ భయం ఎంతగా పాతుకుపోయిందంటే, 1637 వరకు గోజో ప్రజలు రాత్రిళ్లు కోట లోపలే తలదాచుకోవాలన్న నిబంధన ఉండేది. ప్రాకారాల మీద నడిస్తే దీవి మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది, ఇందుకు రుసుమేమీ లేదు. లోపలి కెథెడ్రల్‌కు లొరెంజో గఫా రూపకల్పన చేశారు. దీనికి గుమ్మటం లేదు; చదునైన పైకప్పు మీద 1739లో వేసిన చిత్రమే గుమ్మటమన్న భ్రమ కలిగిస్తుంది. ప్రధాన ద్వారం నుంచి పైకి చూస్తూ మెల్లగా ముందుకు నడిస్తే ఆ లోతు నిజమేననిపిస్తుంది, బలిపీఠం దాటి వెనుదిరిగి చూస్తే మాత్రం బొమ్మ ఒక పక్కకు ఒరిగిపోయి గుట్టు రట్టవుతుంది.

పశ్చిమ తీరంలోని ద్వెయిరా గురించి ముందే హెచ్చరించాలి. ఎన్నో పోస్టుకార్డులకెక్కిన అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుపానుకు కూలిపోయింది. అయినా ఆ ఒడ్డును వదులుకోవలసిన పని లేదు. ఇన్‌లాండ్ సీ అనే ఉప్పునీటి మడుగు నుంచి చిన్న పడవలు కొండను తొలుచుకుపోయిన ఇరుకు సొరంగం గుండా బయటి సముద్రంలోకి తీసుకువెళతాయి. అలలు ఎక్కువగా ఉన్న రోజున పడవలు కదలవు. అందుకే ద్వెయిరాను చివరి రోజుకు మిగుల్చుకోకూడదు. ఎదురుగా కనిపించే ఫంగస్ రాక్ మీద పెరిగే మొక్కను మహౌషధంగా భావించిన మాల్టా నైట్లు (అప్పట్లో ఈ దీవులను ఏలిన క్రైస్తవ యోధుల సంఘం), 18వ శతాబ్దంలో ఇతరులెవరూ ఆ గుట్ట ఎక్కరాదని నిషేధం విధించారు. గుట్ట పేరులో ఫంగస్ అని ఉన్నా, నిజానికా మొక్క శిలీంధ్రమే కాదు, వేరే మొక్కల వేళ్ల మీద బతికే పరాన్నజీవి.

ఉత్తర తీరాన ష్వెయిని వద్ద రాతిలో గళ్లుగళ్లుగా తొలిచిన ఉప్పుమడులున్నాయి. వేసవిలో నీరు ఇగిరాక ఉప్పును చీపుర్లతో ఊడ్చి కుప్పలు పోస్తారు. మడుల గట్ల మీద నడవకుండా దారి నుంచే చూడటం మర్యాద. ఎర్రని ఇసుకతో ఉండే రమ్లా బీచ్ పిల్లలున్న కుటుంబాలకు బాగుంటుంది, అంతకు మించి చెప్పవలసినదేమీ లేదు.

మాల్టాకూ గోజోకూ మధ్యనున్న కొమీనో దీవిలోని బ్లూ లగూన్ అనే నీలి నీటి తీరాన్ని మాత్రం నేను సిఫారసు చేయను. నీటి రంగు అద్భుతమే, కాదనలేం. కానీ వేసవి మధ్యాహ్నం అక్కడ తువ్వాలు పరుచుకునే జాగా కూడా దొరకదు. తప్పక చూడాలనుకునేవారు వేసవి రద్దీ లేని నెలల్లో వెళ్లాలి.

మాల్టాలోని చిర్‌కెవ్వా రేవు నుంచి ఫెర్రీ ప్రయాణం 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు. రానూపోనూ ఛార్జీ తిరుగు ప్రయాణంలో గోజో వైపు ఇమ్‌జార్ రేవులోనే వసూలు చేస్తారు. ఆదివారం సాయంత్రం అక్కడ కార్ల వరుస చాలా పొడవు సాగుతుంది కాబట్టి, విమానం అందుకోవలసినవారు తిరుగు ప్రయాణాన్ని మరో రోజుకు పెట్టుకోవడం మంచిది.