పెర్ఫ్‌తో ఆరేళ్లు: కౌంటర్ ఇంటరప్ట్ దారి తప్పితే

లినక్స్‌లో పెర్ఫ్‌ను నేను రోజూ వాడుతూ ఆరేళ్లు దాటింది. 2009లో 2.6.31 కెర్నల్‌తో వచ్చిన ఈ సాధనాన్ని చాలామంది ప్రోగ్రామ్ ఎక్కడ నెమ్మదిస్తోందో చూడటానికి వాడతారు. నా పని దానికి ఒక మెట్టు కింద. ప్రాసెసర్‌లో జరిగే సంఘటనలను లెక్కపెట్టే కౌంటర్ నిండగానే రావాల్సిన ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనను చూడమని ప్రాసెసర్‌కు వచ్చే కబురు) రాకపోతే కారణం వెతకాలి. ఆ పనికి పెర్ఫ్ ఎంత పనికొస్తుందో చెబుతాను.

నన్ను బాగా సతాయించినది నాలుగు కోర్ల ఆర్మ్ 64-బిట్ బోర్డు. మొత్తం లెక్క చెప్పే పెర్ఫ్ స్టాట్ అంకెలు చక్కగా ఇస్తోంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా ఏ కోడ్ నడుస్తోందో శాంపిల్‌గా రాసుకునే పెర్ఫ్ రికార్డ్‌లో మాత్రం 0, 1 కోర్ల శాంపిళ్లే ఉన్నాయి, 2, 3 కోర్లవి ఒక్కటీ లేవు. మూడు రోజులు డ్రైవర్ కోడే చదివాను, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తీరా చూస్తే, బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీలో ఆ రెండు కోర్ల ఇంటరప్ట్ నంబర్లు తారుమారయ్యాయి. 2వ కోర్ కౌంటర్ నిండితే కబురు 3వ కోర్‌కు పోతోంది. ఆ కోర్ తన ఓవర్‌ఫ్లో రిజిస్టర్ (కౌంటర్ నిండితే ఫ్లాగ్ పడే చోటు) చూసుకుని, ఏమీ లేదని తిరిగి వస్తోంది. అసలు కౌంటర్ ఫ్లాగ్‌ను ఎవరూ తీసేయరు కాబట్టి అదే ఇంటరప్ట్ మళ్లీ మళ్లీ వస్తుంది. దాదాపు లక్షసార్లు అలా జరిగాక కెర్నల్ లాగ్‌లో "నోబడీ కేర్డ్" అని రాసి ఆ లైన్‌నే ఆపేస్తుంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

అప్పుడు స్టాట్ అంకెలనూ నమ్మకూడదు. ఆ బోర్డులో ఈవెంట్ కౌంటర్లు 32 బిట్లవి, సుమారు 429 కోట్లు దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. ఆ చుట్టును లెక్కలో కలపడానికి కెర్నల్‌కు ఆ ఇంటరప్టే ఆధారం. చిన్న పరీక్షల్లో ఈ తేడా బయటపడదు. అందుకే ఇప్పుడు కొత్త బోర్డు రాగానే పనిని ఒక్కో కోర్‌కు కట్టేసి రికార్డ్ నడుపుతాను. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైల్‌లో ఆ కోర్ అంకె ఒక్కటే పెరుగుతోందా చూస్తాను. పది నిమిషాల పని.

ఇంటెల్ యంత్రాల్లో చిక్కు వేరు. అక్కడ ఈ ఇంటరప్ట్ ఎన్‌ఎంఐగా, అంటే మామూలు ఇంటరప్ట్‌లను ఆపినా ఆగనిదిగా, వస్తుంది. వచ్చిన వెంటనే లోకల్ ఏపీఐసీ (ఒక్కో కోర్‌కు ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్) తనంతట తానే ఆ దారి మూసేస్తుంది, హ్యాండ్లరే (ఇంటరప్ట్ వస్తే నడిచే కోడ్) మళ్లీ తెరవాలి. మరిచిపోతే సరిగ్గా ఒక్క ఇంటరప్ట్ వచ్చి ఆగిపోతుంది. శాంపిల్ ఒకటే ఉందంటే నేను ముందు ఆ దారి తిరిగి తెరిచే కోడ్ వరుస కోసమే వెతుకుతాను. హ్యాండ్లర్ లోపల ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) పెట్టకండి, టైమింగ్ మారిపోయి బగ్ మాయమవుతుంది. మెమరీలోని ట్రేస్ బఫర్‌లో రాసే ట్రేస్ ప్రింట్‌కే ఎన్‌ఎంఐలో కూడా నిశ్చింతగా పనిచేస్తుంది. ఎన్‌ఎంఐ హ్యాండ్లర్ ట్రేస్‌పాయింట్ (కెర్నల్ కోడ్‌లో ముందే అమర్చిన గమనింపు చోటు) అయితే హ్యాండ్లర్ ఎన్ని నానోసెకన్లు తీసుకుందో కూడా చెబుతుంది. నాకు దీనంత మేలు చేసినది మరొకటి లేదు.

పెర్ఫ్ మీద నా ఫిర్యాదు ఒకటుంది. హ్యాండ్లర్‌కు ఎక్కువ సమయం పడుతోందనిపిస్తే కెర్నల్ శాంప్లింగ్ పరిమితిని తానే తగ్గించేస్తుంది. మామూలుగా అది సెకనుకు 1,00,000 శాంపిళ్లు. తగ్గించిన సంగతి లాగ్‌లో ఒక్క వరుసగా ఉంటుంది, రిపోర్ట్ మాత్రమే చూసేవాళ్లకు తెలియదు. లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ పెట్టిన డీబగ్ కెర్నల్‌లో ఇది తరచూ జరుగుతుంది. ఆ కెర్నల్ శాంపిళ్లను మామూలు కెర్నల్ శాంపిళ్లతో పోల్చి నేను రెండు వారాలు తప్పుదారిన పోయాను. ఆ హెచ్చరిక రిపోర్ట్ పైనే కనిపించాలి.

ఆర్మ్‌లో ఇంకో లోటు చాలాకాలం ఉండేది. కౌంటర్ ఇంటరప్ట్ కూడా ఆగి ఉండటంతో, ఇంటరప్ట్‌లు ఆపి నడిచే కోడ్ ఖర్చంతా, వాటిని తిరిగి తెరిచే ఫంక్షన్ మీద పడేది. జిక్ వి3 (ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్) ఉన్న యంత్రాల్లో బూట్ సమయంలో సూడో-ఎన్‌ఎంఐ (ఎన్‌ఎంఐలా పనిచేసే ఇంటరప్ట్‌లు) ఆన్ చేస్తే 5.10 కెర్నల్ నుంచి శాంపిళ్లు అసలు చోటే పడుతున్నాయి. స్పిన్‌లాక్ (ఖాళీ అయ్యేదాకా ప్రాసెసర్ తిరుగుతూ వేచి ఉండే తాళం) కోడ్ మీద పనిచేసేవాళ్లు తప్పకుండా ఆన్ చేసుకోండి.