ఏజినా, పోరోస్, హైడ్రా: తెరచాప పడవలో సారోనిక్ దీవులు

గ్రీస్ అనగానే మనవాళ్లందరూ సాంటొరిని, మికొనోస్ పేర్లే చెబుతారు. చూడొద్దని కాదు గానీ పడవలో తిరగాలని ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తుంటే ముందు సారోనిక్ గల్ఫ్‌కి వెళ్లండి. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది, సాంటొరిని ఉన్న సైక్లడీస్ దీవుల వైపు దాని జోరు బాగా ఎక్కువ. సారోనిక్ ఏథెన్స్‌కి, పెలొపొన్నెస్ ద్వీపకల్పపు కొండలకి మధ్య ఉండటంతో అంత బాధ ఉండదు. మేము సెప్టెంబరులో వెళ్లాం, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, జనం తగ్గారు, మా అత్తగారికి ఒక్కసారి కూడా వాంతి కాలేదు.

పడవలు ఏథెన్స్ శివార్లలోని అలిమోస్ మరీనాలో, అంటే తెరచాప పడవలు నిలిపే రేవులో, దొరుకుతాయి. మామూలుగా శనివారం నుంచి శనివారం వరకు అద్దె. సొంతంగా నడపాలంటే సెయిలింగ్ సర్టిఫికెట్ చూపించాల్సిందే, మాకెవరికీ లేదు కాబట్టి స్కిప్పర్‌ని పెట్టుకున్నాం. అతని రోజు కూలీ వేరు, భోజనం మన ఖర్చే, పడుకోవడానికి ఒక క్యాబిన్ కూడా ఇవ్వాలి, కాబట్టి బుక్ చేసేటప్పుడు మీ లెక్కకి ఒక క్యాబిన్ ఎక్కువే చూసుకోండి. మాకు పడవ ఇచ్చిన కంపెనీ ఫోటోల్లో ఏసీ చూపించింది, అది రేవులో కరెంటు తగిలిస్తేనే పనిచేస్తుందని మాత్రం ఎక్కాక చెప్పారు. రెండో టాయిలెట్ పంపు మొదటి రోజే మొరాయించింది. ఫోన్ చేస్తే "వస్తాం" అన్నారు గానీ ఎవరూ రాలేదు, చివరికి స్కిప్పరే విప్పి బాగుచేశాడు. మనిషి బంగారం. పడవ బాగోకపోయినా స్కిప్పర్ మంచివాడైతే నెట్టుకురావచ్చు, ముందుగా అతనితో ఒకసారి మాట్లాడించమని కంపెనీని అడగండి.

మొదటి మజిలీ ఏజినా. గాలి బాగుంటే అలిమోస్ నుంచి మూడు నాలుగు గంటలు. చాలామంది పిస్తా ప్యాకెట్లు కొనుక్కుని అక్కడి నుంచి కదిలిపోతారు, నాకు మాత్రం ఈ దీవి బాగా నచ్చింది. ఊరి రేవులోనే ఒక పడవ మీద టమాటాలు, వంకాయలు, ద్రాక్ష పోసి అమ్ముతారు, వారానికి సరిపడా కూరగాయలు అక్కడే తీసుకున్నాం. కొండ మీద అఫాయా గుడి ఉంది, క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో కట్టింది, స్తంభాలు చాలావరకు ఇంకా నిలబడే ఉన్నాయి. టాక్సీలో వెళ్లి ఎండ ముదరకముందే చూసొచ్చేయండి. ఇంకో సంగతి, 1828లో కొత్త గ్రీసు దేశానికి మొదటి రాజధాని ఈ చిన్న ఊరే.

పోరోస్ మాత్రం రెండు రాత్రులు ఉండదగ్గ చోటు. ఎదురుగా ఉన్న గలాటాస్ ఊరికీ దీవికీ మధ్య నీళ్లు సన్నటి పాయలా ఉంటాయి, చిన్న పడవలు అటూ ఇటూ మనుషుల్ని దాటిస్తూనే ఉంటాయి. రేవు పొడుగ్గా ఉండటంతో చోటు కోసం కొట్లాట లేదు, నీళ్లు, కరెంటు దొరికాయి, అందరం కరువుతీరా స్నానాలు చేశాం. పడవ ట్యాంకు నీళ్లతో తల రుద్దుకుంటే స్కిప్పర్ ముఖం మాడ్చుకునేవాడు మరి.

హైడ్రా అందం గురించి కొత్తగా చెప్పేదేముంది, దీవిలో కార్లు, బైకులు నడవవు, సామాను మోసేది గాడిదలే. కానీ రేవు చిన్నది. పడవని వెనక్కి నడుపుతూ ముందు లంగరు వేసి, వెనక రెండు తాళ్లు గట్టుకి కట్టాలి. సాయంత్రానికి పడవల వెనక పడవలు కట్టేస్తారు, గట్టు ఎక్కాలంటే పక్కవాళ్ల పడవ మీదుగా నడవాలి. పొద్దున్నే మా లంగరు పైకి లాగితే దానితోపాటు వేరే పడవ గొలుసు కూడా లేచొచ్చింది. స్కిప్పర్ ఒక తాడు దాని కిందుగా దూర్చి, ఆ గొలుసుని పట్టి ఉంచి, మా లంగరు కిందికి వదిలి విడిపించేసరికి గంట దాటింది, పక్క పడవల్లో ఒకటే అరుపులు. ఆ టెన్షన్ అక్కర్లేదనుకుంటే పోరోస్ నుంచి ఫెర్రీలో వెళ్లి పగలంతా చూసి వచ్చేయండి.

తిండికి ఇబ్బంది లేదు. అత్తగారు శాకాహారి, ఆవిడకి ఫావా తెగ నచ్చింది, పోపు పెట్టని ముద్దపప్పు అనుకోండి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయలు. టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, అన్నం కూరిన క్యాప్సికం కూడా దాదాపు ప్రతి టవెర్నాలో, అంటే అక్కడి చిన్న హోటల్లో, ఉంటాయి, అన్నంలో కీమా కలిపారేమో మాత్రం అడగండి. చేప తినేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మెనూలో చాలాచోట్ల కిలో ధర రాస్తారు, వండకముందే తూకం వేయించి బిల్లు ఎంతవుతుందో తేల్చుకోండి.

తిరుగుదారిలో పాలియా ఎపిడావ్రోస్ రేవులో ఆగి, టాక్సీ మాట్లాడుకుని ప్రాచీన రంగస్థలం చూశాం. సుమారు 14,000 మంది పట్టే రాతి మెట్లు, కింద మధ్యలో ఎవరో చప్పట్లు కొడితే పై వరసలో స్పష్టంగా వినిపించింది. మోకాళ్ల నొప్పులవాళ్లకి పై వరస కష్టమే. అద్దె శనివారం వరకు అయినా శుక్రవారం సాయంత్రానికే పడవ మరీనాకి చేరాలి, డీజిల్ నింపించి ఇవ్వాలి, ఆ రోజు అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి క్యూ ఉంటుంది. పడవ తీసుకునేటప్పుడే ప్రతి గీతనీ వీడియో తీసి పెట్టుకోండి, డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు మా కంపెనీ చూపించిన గీత మా వీడియోలో మొదటి రోజుదేనని తేలింది.