ర్యామ్ కొనేముందు: కింగ్‌స్టన్, కోర్సైర్, క్రూషియల్... ఏది మేలు?

తిరుపతి కొర్లగుంటలో చిన్న గది తీసుకుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. ముహూర్తాలు మొదలైతే నిద్ర ఉండదు. మొన్నటిదాకా నా సిస్టమ్‌లో ఉన్నది ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్. 12 బై 36 షీటును 300 డీపీఐలో తెరిస్తే నిండు లేయర్ ఒక్కటే 116 ఎంబీ దాకా ఉంటుంది, దాని మీద తలంబ్రాల ఫోటో, వెనక శేషాచలం కొండలు, పూల బోర్డర్, పేర్లు, ఇలా పేర్చుకుంటూ పోయేసరికి ఫోటోషాప్ బిగుసుకుపోతుంది, మౌస్ పక్కకి జరిపితే తెర మీద బాణం మూడు సెకన్ల తర్వాత జరుగుతుంది. ఇక లాభం లేదని ర్యామ్ పెంచుదామని బయల్దేరితే, ఒక షాపులో "కోర్సైర్ తీసుకోన్నా, కళ్లు మూసుకుని వాడొచ్చు" అన్నారు, ఇంకో షాపులో కింగ్‌స్టన్ తప్ప ఇంకేదీ వద్దన్నారు, ఫ్రెండ్ ఏమో పొద్దున్నే రైలెక్కి చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌కి పోతే సగం ధరకే దొరుకుతుందన్నాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటెల్ ప్రాసెసర్‌తో మామూలు హెచ్ సిరీస్ మదర్‌బోర్డు ఉన్నవాళ్లు హీట్‌సింక్ (వేడి లాగే లోహపు తొడుగు) లేని సాదా కింగ్‌స్టన్ తీసుకోండి. ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ వాళ్లయితే కింగ్‌స్టన్ ఫ్యూరీ బీస్ట్ లేదా కోర్సైర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్, రెండింటిలో ఆ రోజు ఏది తక్కువకి వస్తే అది. ఊరూ పేరూ లేనిది మాత్రం ఎవరూ కొనకండి.

బ్రాండ్లు ఎన్ని ఉన్నా, లోపలి చిప్‌లు ఎక్కువ భాగం మూడు కంపెనీల నుంచే వస్తాయి. కొరియా నుంచి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికా నుంచి మైక్రాన్. కింగ్‌స్టన్, కోర్సైర్, జీస్కిల్ లాంటివాళ్లు ఆ చిప్‌లు కొని తమ పేరుతో అమ్ముతారు. క్రూషియల్ ఒక్కటే వేరు, అది మైక్రాన్ సొంత బ్రాండ్, కాబట్టి లోపల ఉన్నదీ మైక్రానే. వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ స్టిక్కర్ మీద 'వెర్' అని చిన్న అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది చూడండి. అది 3తో మొదలైతే మైక్రాన్ చిప్, 4 అయితే శామ్‌సంగ్, 5 అయితే హైనిక్స్. ఒకే పేరు, ఒకే డబ్బా, లోపల చిప్ మాత్రం వేరు. కాబట్టి ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది అని షాపులో గంటసేపు వాదించుకోవడం అనవసరం.

అసలు తేడా స్పీడ్ దగ్గర వస్తుంది, చాలామంది డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ డబ్బా మీద 3200 అని ఉంటుంది. కానీ ఆ 3200 అనేది ఎక్స్‌ఎమ్‌పీ ప్రొఫైల్, అంటే ర్యామ్‌లో కంపెనీ ముందే రాసిపెట్టిన స్పీడ్ సెట్టింగ్, బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి మనమే ఆన్ చేయాలి, దానికి 1.35 వోల్టులు కావాలి. ఆన్ చేయకపోతే అది 2133 దగ్గరే నడుస్తుంది. ఫ్యూరీ బీస్ట్ 3200 అయితే 2400 దగ్గర నడుస్తుంది. అదే సాదా కింగ్‌స్టన్, సాదా క్రూషియల్ 3200 స్టిక్‌లు 1.2 వోల్టుల్లోనే, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా, బోర్డు ఎంత ఇస్తే అంత స్పీడ్ అందుకుంటాయి. మా పక్కవీధి కుర్రాడు ఎల్‌పీఎక్స్ కొని రెండేళ్లయింది. ఒకరోజు వాళ్లింట్లో కూర్చుని టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి చూపిస్తే కింద స్పీడ్ దగ్గర 2133 అని కనిపించింది. పాపం, రెండేళ్లుగా 3200 వాడుతున్నాననే అనుకున్నాడు. మీరూ ఇప్పుడే ఒకసారి తెరిచి చూసుకోండి.

నాది హెచ్410 బోర్డు, ఐ5-10400 ప్రాసెసర్. ఈ జోడీ 2666 దాటదు, ఎంత ఖరీదైనది పెట్టినా అంతే. మరి గేమింగ్ ర్యామ్‌కి ఎక్కువ పోసి నేనేం చేసుకోవాలి? సీఎల్16, సీఎల్22 అని ఇంకో లెక్క చెబుతారు, అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యం అది. 3200 దగ్గర సీఎల్16 అంటే 10 నానోసెకన్లు, సీఎల్22 అంటే 13.75. గేమ్స్ ఆడేవాళ్లకి కొంత తెలుస్తుందేమో గానీ ఆల్బమ్ షీట్లు తిప్పే నాకు తెలియదు, నాకు కావాల్సింది జీబీలు. ఇక హీట్‌సింక్ మాటకొస్తే, 1.2 వోల్టుల స్టిక్‌కి దాని అవసరం లేదు. మే నెలలో మా గది కొలిమిలా ఉంటుంది, అయినా నా సాదా స్టిక్‌లు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆర్‌జీబీ లైట్ల గురించి నేను చెప్పేదేమీ లేదు.

రైజెన్ 5600జీ లాంటిది వాడేవాళ్ల సంగతి వేరు. అందులో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి, కాబట్టి స్పీడ్ పెరిగితే తేడా కంటికి కనిపిస్తుంది. ఒక్క 16 కాకుండా రెండు 8లు, ఒకే ప్యాక్‌లో వచ్చేవి తీసుకుని ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయండి. నాలుగు స్లాట్లు ఉంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది, ఎందుకైనా మంచిది బోర్డు పుస్తకం ఒకసారి చూడండి. ఇంటెల్ వాళ్లు పాత 8 పక్కన కొత్త 16 పెట్టినా నడుస్తుంది, మొదటి 16 జీబీ రెండు చానళ్లలో (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారుల్లో), మిగిలిన 8 ఒక చానల్లో. బ్రాండ్లు కలిసినా సాధారణంగా ఇబ్బంది రాదు, రెండింటిలో నెమ్మదైనదాని స్పీడ్‌కే రెండూ దిగుతాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇప్పటిదాకా చెప్పినవన్నీ డీడీఆర్4 రకం ర్యామ్‌లు, ఆ స్లాట్‌లో దాని తర్వాతి తరం డీడీఆర్5 పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ పోతుంది.

ఇప్పుడు పేరు లేని ర్యామ్ గురించి. మూడేళ్ల కింద రెండో సిస్టమ్‌కి చవగ్గా వస్తుందని ఒకటి కొన్నాను, ఎక్కడ కొన్నానో అనవసరం. నెల బాగానే నడిచింది. తర్వాత అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను, రెండు రోజులు బాగుంది. ఆ తర్వాత తిరుచానూరులో జరిగిన ఒక పెళ్లి ఫోటోలు కరెక్షన్ చేసి సేవ్ చేస్తే, మాంగల్యధారణ ఫోటోలో సగం నుంచి కిందకి బూడిద రంగు పట్టీ. ఇంకో రెండు ఫోటోలదీ అదే పరిస్థితి. ఆ అమ్మాయి తండ్రికి ఏం చెప్పాలి? ఒరిజినల్స్ కార్డులోనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఆ క్షణం మళ్లీ తెచ్చివ్వడం ఎవరి తరం. ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేస్తే పది నిమిషాల్లో తెర నిండా ఎర్ర గీతలు. తిరిగి ఇద్దామంటే బిల్లు లేదు, డబ్బా లేదు. కింగ్‌స్టన్, కోర్సైర్, క్రూషియల్‌లకైతే డబ్బా మీదే లైఫ్‌టైం వారంటీ అని ఉంటుంది. సీరియల్ నంబర్ వేయించుకుని జీఎస్‌టీ బిల్లు తీసుకోండి, చెన్నైలో కొన్నా సరే. మళ్లీ అక్కడిదాకా పోయి మార్చుకోవాలంటే ఒక రోజు పనీ, దారి ఖర్చులూ పోతాయి కాబట్టి, కాస్త ఎక్కువైనా నేను మన ఊళ్లోనే కొంటాను.

బడ్జెట్ మరీ తక్కువైతే, కొత్త పేరులేనిదాని కంటే కంపెనీ సిస్టమ్‌ల నుంచి తీసిన శామ్‌సంగ్, హైనిక్స్ పచ్చ స్టిక్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అదే మేలు. సిస్టమ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ వేసి ఎస్‌పీడీ ట్యాబ్‌లో తయారీదారు పేరు, పార్ట్ నంబర్ స్టిక్కర్‌తో కలుస్తున్నాయో లేదో షాపులోనే చూసుకోండి.

క్రూషియల్‌ని నేను ఎందుకు ముందు పెట్టలేదంటే, మైక్రాన్ 2025 డిసెంబరులో ఆ బ్రాండ్ అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించింది. చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకి పోతున్నాయి, మనలాంటి వాళ్లకి అమ్మేది ఆపేశారు. పాత సరుకు సరైన ధరకి కనిపిస్తే తీసుకోవచ్చు, వారంటీ కొనసాగిస్తామనే చెప్పారు. కానీ రేపు ఇదే మోడల్ ఇంకోటి జత చేద్దామంటే దొరకదు. డీడీఆర్4 మొత్తం ధరలు కూడా 2025లో బాగా పెరిగాయి, కాబట్టి తగ్గాక చూద్దాం అని ఆగి సీజన్ మధ్యలో ఇరుక్కోకండి.

చివరికి నేను తీసుకున్నది సాదా కింగ్‌స్టన్ 3200, రెండు 16లు. పెట్టిన రాత్రే మెమ్‌టెస్ట్ వేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నాలుగు పాస్‌లు పూర్తి, ఎర్రర్స్ దగ్గర సున్నా. అప్పుడు ఫోటోషాప్ తెరిచాను.