యతి దగ్గర తడబడిన కరదీపిక

తెలుగు సాహిత్యం ప్రధానాంశంగా చదివే డిగ్రీ, పీజీ విద్యార్థుల చేతుల్లో ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న ఒక సాహిత్య పరిభాషా కరదీపికను ఒక సెమిస్టరంతా తరగతిలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పుస్తకం పేరు ఇక్కడ చెప్పడం లేదు. హైదరాబాదు కోఠీలోనూ విజయవాడ ఏలూరు రోడ్డులోనూ పోటీ పరీక్షల పుస్తకాల పక్కన దొరికే ఈ తరహా చేతిపుస్తకం ఏది కొన్నా పరీక్షించి చూసుకోవలసిన చోట్లు దాదాపు ఇవే కనుక, కొనేవారికి పేరు కన్నా ఆ చోట్లు తెలియడమే ఎక్కువ ఉపయోగం.

చేతిసంచిలో ఇమిడే పరిమాణం, అకారాది క్రమం, ఒక్కో మాటకు నాలుగైదు పంక్తుల నిర్వచనం, దాని కింద ఒక ఉదాహరణ: ఇదీ దీని అమరిక. పరీక్ష ముందు రాత్రి తిరగేయడానికి ఇంతకన్నా అనువైన అమరిక ఉండదు. అలంకారాల భాగం నిజంగా బాగుంది. ఛేకానుప్రాస, లాటానుప్రాస, యమకం, మాట మళ్లీ రావడం మీద నిలిచే ఈ మూడు అలంకారాలనూ విడదీసి చెప్పలేక మార్కులు పోగొట్టుకునే వారిని ఏటా చూస్తుంటాను. ఈ పుస్తకం మూడింటినీ ఒకే పుటలో పక్కపక్కన పెట్టింది. ‘నీకు వంద వందనాలు’ అన్నప్పుడు అర్థభేదం గల జంట ఎడం లేకుండా వెంటవెంటనే వచ్చింది కనుక అది ఛేకం; ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ అన్నప్పుడు రెండు చోట్లా అర్థం చేతులే అయినా, రెండవ మాట సార్థకమైన చేతులు అనే తాత్పర్యాన్ని ఇస్తుంది కనుక అది లాట; ‘లేమా దనుజుల గెలువగ లేమా’ అన్నప్పుడు మొదటిది స్త్రీని పిలిచే పిలుపు, రెండవది చేతకాదా అనే ప్రశ్న, నడుమ వేరే మాటలు ఉన్నాయి కనుక అది యమకం. చివరి రెండు ఉదాహరణలు పోతన భాగవతం నుంచి తీసుకోవడం వల్ల విద్యార్థికి కంఠస్థం చేసే శ్రమ కూడా ఉండదు. ఉపమకూ ఉత్ప్రేక్షకూ తేడా చెప్పిన తీరు కూడా ఇంతే స్పష్టంగా ఉంది.

చిక్కంతా ఒకే మాటకు రెండు అర్థాలు ఉన్న చోట వచ్చింది. సంస్కృతం నుంచి వచ్చిన పారిభాషిక పదం తెలుగులో మరొక పని చేపట్టడం, లేదా పాత పదానికి ఈ కాలపు విమర్శకులు కొత్త అర్థం ఇవ్వడం మన సాహిత్య పరిభాషలో సర్వసాధారణం. ఈ పుస్తకం ఆ రెండింటిలో ఏదో ఒకదానిని నిర్వచనంగా ఇచ్చి, రెండవదానికి చెందిన ఉదాహరణను దాని కింద పెడుతుంది.

యతినే చూడండి. ‘పద్యపాదంలో విరామ స్థానం’ అన్నది ఇందులోని నిర్వచనం. అది సంస్కృత ఛందస్సుకు సరిపోతుంది. అక్కడ శార్దూల విక్రీడితం అనే వృత్తంలో పన్నెండవ అక్షరం తరువాత ఆగాలి. తెలుగులో ఆగవలసిన పని లేదు, పాదం మొదటి అక్షరానికి పదమూడవ అక్షరంతో మైత్రి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి. మాట ఆ చోటును దాటుకొని ముందుకు సాగినా దోషం కాదు. విరామమని చెప్పిన పుస్తకమే ఆ వెంటనే ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14 అని అక్షరమైత్రి స్థానాలను పట్టికగా ఇస్తే, చదివే పిల్లలు ఆ అక్షరం దగ్గర ఆగాలనే అనుకుంటారు.

ఆ పట్టికతో తృప్తిపడని ఒక విద్యార్థిని వేమన పద్యం తీసుకొచ్చి అడిగింది: ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ అన్న ఆటవెలది పాదంలో నాలుగవ గణం మొదటి అక్షరం ‘నొ’ అయినప్పుడు, దానికి ‘ఉ’తో పొత్తు ఎలా కుదురుతుంది? ఆ నకారం కప్పురంబుకూ ఒక్కకూ నడుమ వచ్చి చేరినది. దానిని తీసి చూస్తే మిగిలేది ‘ఒ’, ఉకారానికి ఒకారంతో స్వరమైత్రి ఉంది. ఆ తరువాతి పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ ఇంకా తమాషాగా ఉంటుంది. చకార జకారాలకు మైత్రి ఉన్నా, ‘చూ’లోని ఊకారానికీ ‘జా’లోని ఆకారానికీ లేదు, అందుకని చూడ, జాడ అనే మాటల్లో రెండవ అక్షరమైన డకారాన్ని కలిపి ప్రాసయతితో పాదాన్ని నిలబెట్టారు. ఊరూరా పిల్లలకు నోటికి వచ్చిన పద్యంలో రెండు పాదాలకు రెండు రకాల యతి ఉంటే, ఈ పుస్తకంలో స్వరయతి, ప్రాసయతి అనే మాటలకు చోటే లేదు.

ప్రాస విషయంలో పొరపాటు మరింత స్పష్టం. ‘చరణాల చివర ఒకే ధ్వని రావడం’ అని నిర్వచించి, కంద పద్యానికి ప్రాస తప్పనిసరి అని మరో చోట రాశారు. సినిమా పాటల గురించి మాట్లాడేటప్పుడు మనం ప్రాస అనేది అంత్యప్రాసనే. ఛందస్సులో మాత్రం ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండవ అక్షరంగా ఒకే హల్లు రావడం. యమకానికి ఈ పుస్తకమే పూర్తిగా ఎత్తిచూపిన పోతన పద్యం కందమే. దాని నాలుగు పాదాలూ ‘లేమా’ అనే అక్షరాలతోనే మొదలవుతాయి; రెండవ స్థానంలో మకారం నాలుగుసార్లూ కళ్లెదుట ఉంది. ఆ పుటను రాసినవారు ఈ పుటను చూసి ఉండరు.

వ్యంగ్యం అనే మాటకు వెక్కిరింత, అధిక్షేపం అని మాత్రమే ఇచ్చారు. ఆనందవర్ధనుని ధ్వని సిద్ధాంతంలో వ్యంగ్యార్థమంటే నేరుగా చెప్పిన వాచ్యం కాకుండా స్ఫురించే అర్థమని తెలియని విద్యార్థి, వాచ్య లక్ష్య వ్యంగ్యార్థాల ప్రశ్నకు ఏమి రాస్తాడో ఊహించవచ్చు. రూపకం అలంకారంగానే ఉంది. నాటకం, ప్రకరణం, వీథి మొదలైన పది రకాల దృశ్యకావ్యాలను చెప్పే దశరూపకాల ప్రసక్తి లేదు. వస్తువు కింద ప్రఖ్యాతం (ప్రసిద్ధ కథ), ఉత్పాద్యం (కల్పిత కథ), మిశ్రం (రెండూ కలిసినది) అనే పాత విభజన ఇచ్చి, ఈనాటి వస్తుశిల్ప చర్చలో ఆ మాట కథాంశాన్నీ రచయిత ఎన్నుకున్న సమస్యనూ సూచిస్తుందని చెప్పకుండా వదిలేశారు. తొమ్మిది రసాలనూ నాట్యశాస్త్రం రాసిన భరతునికే కట్టబెట్టడం వేరే రకం తప్పు: నాట్యంలో ఆయన చెప్పినవి ఎనిమిది, శాంతం తరువాత చేరింది, దానిని గట్టిగా సమర్థించినవాడు నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడు.

ఆధునిక పదాలు తక్కువ, ఉన్నవి పలచన. ‘చైతన్య స్రవంతి: చైతన్యం స్రవంతివలె ప్రవహించుట’ అన్నది అక్షరాలా ఇందులోని నిర్వచనం. అది ఇంగ్లీషులోని స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్‌కు మనవాళ్లు చేసిన అనువాదమనీ, ఆ మాట మనస్తత్వశాస్త్రం నుంచి నవలా విమర్శకు వచ్చిందనీ, 1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ ఒక విద్యార్థి ఒక్కరోజు ఆలోచనల వెంట నడిచిన నవల అనీ మూడు వాక్యాలు రాస్తే సరిపోయేది. నాలుగు పాదాల చిన్న కవితలైన నానీల మాటే లేదు.

అచ్చు కూడా శ్రద్ధగా లేదు. గురులఘు చిహ్నాలు అక్షరాల మీద నిలవకుండా పక్కకు జరిగిపోవడంతో గణవిభజన చూపిన పుటలు దాదాపు పనికిరావు.

అలంకారాల పునశ్చరణకు దీనిని కొనవచ్చు, ధర కూడా ఒక సినిమా టికెట్టును మించదు. ఛందస్సు కోసం, అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ లేదా జూనియర్ లెక్చరర్ పరీక్ష కోసం అయితే వద్దు. నా ప్రతిలో ‘ప్రాస’ అన్న మాట పక్కన పెన్సిలుతో ‘యమకం పుట చూడు’ అని రాసుకున్నాను. ఇప్పుడు విద్యార్థులు కొత్త ప్రతి కొనడం మానేసి, ఆ రాతలున్న పుటలనే జిరాక్సు తీయించుకుంటున్నారు.