స్టాక్‌హోమ్‌లోని స్వెన్స్‌క్ట్ టెన్: ఎస్త్రిద్ ఎరిక్సన్ కట్టిన దుకాణం

స్టాక్‌హోమ్‌లో నీటి ఒడ్డు వెంట సాగే స్ట్రాండ్‌వేగెన్ వీధిలో, అయిదో నంబరు భవనంలో ఉన్న స్వెన్స్‌క్ట్ టెన్‌ను గృహాలంకరణ సామగ్రి అమ్మే చోటు అనవచ్చు. అయితే దాన్ని స్థాపించిన ఎస్త్రిద్ ఎరిక్సన్ జీవితం తెలియకుండా అక్కడి సరుకుకు విలువ కట్టడం కష్టం. ఆమె వ్యాపారి, కళాకారిణి కూడా. ఆమె చేసిన అతి పెద్ద కళాకృతి ఈ దుకాణమేనని నా అభిప్రాయం.

ఆమె 1894లో ఓరెగ్రుండ్‌లో జన్మించి, వెటెర్న్ సరస్సు ఒడ్డున ఉన్న యూ అనే చిన్న పట్టణంలో పెరిగారు. డ్రాయింగ్ టీచరుగా శిక్షణ పొంది, కొంతకాలం పాఠాలు చెప్పి, ఆ తరువాత స్టాక్‌హోమ్‌లో హస్తకళల దుకాణంలో పనిచేశారు. తండ్రి నుంచి సంక్రమించిన సొమ్మును పెట్టుబడిగా పెట్టి, ప్యూటర్ అనే లోహంతో పనిచేసే కళాకారుడు నిల్స్ ఫౌగ్‌స్టెడ్ట్‌తో కలిసి 1924లో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో వారి వస్తువులకు బంగారు పతకం వచ్చింది. 1927లో దుకాణం ఇప్పుడున్న చోటికి మారింది.

ప్యూటర్ అంటే తగరానికి కొద్దిగా ఆంటిమొనీ, రాగి కలిపి చేసే లోహం. వెండిలా తళతళలాడదు, వెలుతురును కొంత తనలోనే దాచుకున్నట్టు మందంగా, బూడిదరంగు ఛాయతో మెరుస్తుంది. లోహం మెత్తనిది కనుక అంచులు, మడతలు పదునుగా కాక గుండ్రంగా ఒదిగి ఉంటాయి. ఇక్కడి పూలకుండీని చేత్తో పట్టుకుంటే ముందుగా తెలిసేది బరువు, ఆ తరువాత చల్లదనం. దుకాణానికి వచ్చేవారిలో చాలామంది రంగురంగుల బట్టల వైపే నడుస్తారు గాని, ఎస్త్రిద్ స్వయంగా రూపకల్పన చేసిన ప్యూటర్ వస్తువుల దగ్గర ఆగితేనే ఆమె చేతిపని కనిపిస్తుంది. అలంకారం తక్కువ, ఆకారం మీద నమ్మకం ఎక్కువ.

బట్టల కీర్తి మాత్రం ప్రధానంగా యోసెఫ్ ఫ్రాంక్‌ది. వియన్నాకు చెందిన ఈ యూదు వాస్తుశిల్పి, ఆస్ట్రియాలో యూదు వ్యతిరేకత ముదురుతున్న కాలంలో, 1933లో తన స్వీడిష్ భార్యతో కలిసి స్వీడన్‌కు తరలివచ్చారు. మరుసటి ఏడాది నుంచి ఎస్త్రిద్‌తో పనిచేశారు. తెల్లగోడలు, ఇనుపగొట్టాల కుర్చీలు ఆధునికతకు గుర్తుగా చెలామణి అవుతున్న రోజుల్లో, లతలు, పళ్లు, పక్షులు నిండిన బట్టలు గీసే ఒక పరదేశికి తన దుకాణాన్ని అప్పగించడానికి ఎంత తెగువ కావాలో ఊహించవచ్చు. అది కళాకారిణి చూపు, వ్యాపారి లెక్క రెండూ కలిసిన నిర్ణయం. యుద్ధకాలంలో ఫ్రాంక్ న్యూయార్క్‌లో ఉండగా, 1944లో ఆమె యాభయ్యో పుట్టినరోజుకు యాభై కొత్త డిజైన్లు కానుకగా పంపారు. ఆ నగర పటాన్నే ముక్కలుగా పరిచిన ‘మన్‌హట్టన్’ బట్టను దగ్గరనుంచి చూస్తే, వీధులన్నీ ఓపికగా గీసిన గీతలని తెలుస్తుంది.

ఎస్త్రిద్ డిజైన్ చేసిన ‘ఎలిఫెంట్’ బట్ట కూడా అక్కడే దొరుకుతుంది. కాంగో ప్రాంతపు నేతను చూసి ప్రేరణ పొంది 1930లలో ఆమె రూపొందించినది అది. ఏనుగులు వరుసగా నడిచే ఈ నమూనాకు ఫ్రాంక్ బట్టల నిండుదనం లేదు, ఉండనక్కరలేదు కూడా. గదిలో మిగతా వస్తువులకు ఊపిరాడనిస్తుంది. సోఫాకు ఫ్రాంక్ బట్ట, దిండ్లకు ఈ బట్ట ఎంచుకోవడం మంచి పొత్తు.

ఆమె అసలు ప్రతిభ వస్తువులను పక్కపక్కన పేర్చడంలో ఉంది. భోజనాల బల్లలను అలంకరించి ఆమె పెట్టిన ప్రదర్శనలు ఆ రోజుల్లో ప్రసిద్ధి పొందాయి. ఖరీదైనదీ సామాన్యమైనదీ, దూరదేశపుదీ పక్క ఊరిదీ ఒకే బల్ల మీద చోటు చేసుకునేవి. గదులుగా అమర్చి చూపే పద్ధతి నేటికీ అక్కడ కొనసాగుతోంది. దాని వల్ల కొనేవారికి నిజమైన ఉపయోగం ఉంది: ఒక దీపం విడిగా కాక, కుర్చీ, పరదా, పుస్తకాల మధ్య ఎలా ఉంటుందో అక్కడే తేలిపోతుంది.

ధరల విషయంలో మొహమాటం అనవసరం. ఫ్రాంక్ నార బట్ట మీటరుకు వెయ్యి స్వీడిష్ క్రోనాలు దాటుతుంది. ఫర్నిచర్ చాలామందికి చూసి ఆనందించేదే తప్ప కొనేది కాదు. 1975లో ఎస్త్రిద్ దుకాణాన్ని షెల్, మార్తా బేయర్‌ల పేరిట ఉన్న ఫౌండేషన్‌కు అమ్మారు. ఆ సంస్థ శాస్త్ర పరిశోధనలకు నిధులిస్తుంది కనుక లాభం ఒకరి జేబులోకి పోదన్న తృప్తి ఉన్నా, బిల్లు మాత్రం తగ్గదు. పరిమితమైన డబ్బుతో వెళ్లేవారికి దిండు గలీబో, చిన్న ప్యూటర్ వస్తువో నా సిఫారసు. ప్యూటర్ కొన్నవారు దాన్ని పొయ్యికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. డిష్‌వాషర్‌లో వేయకుండా గోరువెచ్చని సబ్బునీటితో చేత్తో కడిగి, మెత్తటి గుడ్డతో వెంటనే తుడిస్తే చాలు.