లిబర్టీ నేషనలా, స్కైవేనా?

అమెరికాలోని జెర్సీ సిటీలో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన మనవాళ్లకు వచ్చే సందేహమే ఇది. రెండూ అక్కడి గోల్ఫ్ మైదానాలే: లిబర్టీ నేషనల్ ప్రైవేటు క్లబ్బు, స్కైవే అందరిదీ.

ఖర్చు: లిబర్టీ నేషనల్‌లో చేరాలంటే లక్షల డాలర్లు, ఆపైన ఏటా చందా. కౌంటీ నడిపే స్కైవేలో ఆడిన రోజుకే డబ్బు.

ప్రవేశం: లిబర్టీకి సభ్యుడు వెంటబెట్టుకెళ్లాలి. స్కైవేలో టైమ్ బుక్ చేసుకుంటే చాలు.

ఆట: 2006లో తెరిచిన లిబర్టీలో 18 హోల్స్ (బంతి వేయాల్సిన గుంతలు), పెద్ద గోల్ఫ్ పోటీ అయిన ప్రెసిడెంట్స్ కప్ 2017లో అక్కడే జరిగింది. నీళ్లకు అవతల స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ). స్కైవేలో 9 హోల్సే. తలెత్తితే పులాస్కీ స్కైవే ఇనుప వంతెన, పక్కన హ్యాకెన్సాక్ నది.

నేల: లిబర్టీది పాత పరిశ్రమల జాగా, స్కైవేది చెత్త పోసిన చోటు. ఈ ఒక్కదాంట్లో పెద్ద తేడా లేదు!

వ్యాపార పరిచయాలు కావాలి, కంపెనీ డబ్బు కడుతుందంటే లిబర్టీ. ఇంకా నేర్చుకుంటుంటే, ఆఫీసయ్యాక కాస్త తీరిక దొరికితే కళ్లు మూసుకుని స్కైవే. ప్రతిమను చూడ్డమే సరదా అయితే పక్కనున్న లిబర్టీ స్టేట్ పార్కు గట్టు చాలు, చందా అక్కర్లేదు.